ఆవిడ వేరే అమ్మమ్మ

“జవాబు పంపేముందు ఒకసారి నాకు చూపించు. నీ ఇంగ్లిష్ సరిచేసి ఇస్తా,” అన్నాడు కోదండరామ్, సోఫాలోంచి కదలకుండానే.

బెండకాయలు తరుగుతున్న ఝాన్సీలక్ష్మి చేతిలో కత్తి ఆగింది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఈ మాట ఎన్ని వందలసార్లు వినుంటుందో. లీవ్ లెటరైనా, హీటర్ పాడైందని ఇంటి ఓనరుకు పెట్టే మెసేజైనా, ముందు ఆయనగారి చేతుల్లోంచి పోవాల్సిందే. నరసరావుపేటలో తొమ్మిదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఇంగ్లిష్‌లో అంత దోషం ఏముందో ఆ దేవుడికే తెలియాలి. అయినా చూపించేది. చూపించకపోతే అలుగుతాడు. అలిగితే అన్నం తినడు. తినకపోతే అత్తగారు హైమావతి గుంటూరు నుంచి వీడియో కాల్ చేసి, “నీ చదువు కోసం వాడు బంగారం లాంటి ఉద్యోగం వదులుకుని వచ్చాడమ్మా, గుర్తుపెట్టుకో” అంటుంది. ఆ బంగారు కొడుకు కెనడాలో కాలుపెట్టింది కోడలి స్టడీ పర్మిట్ పుణ్యాన, భార్య చదువుకుంటోంది కాబట్టి భర్తకిచ్చే వర్క్ పర్మిట్‌తోనే అన్న సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఝాన్సీ కూడా చెప్పలేదు. అదీ ఆమె తెలివి!

ఇప్పుడు జవాబు రాయాల్సింది కాలేజీకి. పొద్దున వచ్చిన మెయిల్లో విషయం సూటిగా ఉంది. మీరిచ్చిన ఫైనల్ రిపోర్టు ఇంతకుముందే ఆన్‌లైన్‌లో ఉన్న ఒక ఆర్టికల్‌తో డెబ్బై శాతం కలుస్తోంది, కాపీ కాదని గురువారం పదకొండింటికి వచ్చి చెప్పుకోండి అని. చెప్పుకోలేకపోతే కోర్సు ఫెయిల్. ఆపైన పర్మిట్ ఉంటుందో ఊడుతుందో. వాళ్లుండే వాటర్లూ ఊళ్లో ఏ బస్సెక్కినా మన పిల్లలే కనిపిస్తున్న రోజులు, ఇలాంటి మెయిలొచ్చి వణికిపోయినవాళ్ల కథలు ఆమె చాలానే వింది. తనకొస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. ఆ ఆర్టికల్ తెరిచి కింద పేరు చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. కోదండరామ్ అని ఉంది.

ఆ రిపోర్టు ఆమె నలభై ఒక్క రోజుల కష్టం. కోర్సులో భాగంగా ఒక స్కూల్లో నాలుగో తరగతికి వెళ్లింది. అక్కడి పిల్లలు కథలు రాసి ఆన్‌లైన్‌లో పెడతారు, ఒకరిది ఇంకొకరు చదివి పక్కన కామెంట్ రాయాలి. మొదటివారం అందరూ “గుడ్ జాబ్” అని కొట్టి చేతులు దులుపుకున్నారు. ఒకడు “బోర్” అని రాస్తే ఓ పిల్ల కోట్లు తగిలించే మూల దాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది. క్లాస్ టీచరు ఇక ఆపేద్దాం అంది. ఝాన్సీయే బతిమాలి రెండువారాలు గడువు తీసుకుంది. మంచీ చెడూ రాయొద్దు, ఏదో ఒక వాక్యం పట్టుకుని ప్రశ్న అడగండి, రాసినవాళ్లు జవాబు చెప్పాలి, మార్చాలా వద్దా అన్నది మాత్రం వాళ్లిష్టం అని పిల్లలకు నేర్పింది. ఇక చూడండి! “నాలుగో లైన్లో మీ అమ్మమ్మ చనిపోయింది కదా, ఆరో లైన్లో సూప్ ఎలా కాస్తోంది?” అని ఒకడు అడిగితే, రాసిన పిల్ల, “ఆవిడ వేరే అమ్మమ్మ. నాకు ఇద్దరు. మార్చను” అంది. అది చదివి ఝాన్సీ స్టాఫ్ రూములో ఒక్కతే పడీపడీ నవ్వింది. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. ముప్ఫై నాలుగేళ్లొచ్చాయి, మార్చను అని తను ఎవరితోనూ అన్న పాపాన పోలేదు.

రిపోర్టు పూర్తయ్యాక, అలవాటు చొప్పున, మొగుడికిచ్చింది. ఆయన నాలుగు కామాలు పెట్టి, “పర్లేదు, చిన్నపిల్లల వ్యవహారమేగా” అని తిరిగిచ్చాడు. ఇచ్చిన మర్నాడే, ఆమె ఇంకా కాలేజీకి పంపకముందే, తన పేరు పెట్టుకుని నెట్‌లో పెట్టాడు. ఆయన కంపెనీ స్కూళ్లకు సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. అక్కడ ఒకటే చప్పట్లు, శుక్రవారం పెద్దవాళ్ల ముందు మాట్లాడమన్నారు. ఆర్టికల్లో ఆ అమ్మమ్మ కూడా ఉంది. “నేను గమనించిన ఒక సంఘటన” అట! ఆ బడి గుమ్మం తొక్కని మనిషి. పిల్లల రాతలు కాలేజీకి తప్ప ఎక్కడా ఇవ్వనని వాళ్ల తల్లిదండ్రులకు సంతకం పెట్టిచ్చింది ఝాన్సీ. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

“నా పేరెందుకు పెట్టలేదండీ?”

“స్టూడెంట్ రాసిందంటే ఎవరు చదువుతారు ఝాన్సీ? అయినా మొగుడూపెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటి, అసహ్యంగా?” అన్నాడు. తర్వాత గొంతు మెత్తబడింది. “చూడు, మా ఆయన ఆర్టికల్ వాడుకున్నాను, పేరు వేయడం మర్చిపోయాను అని చెప్పెయ్. మొదటిసారి కదా, వార్నింగ్‌తో వదిలేస్తారు. నాదే కాపీ అని తెలిస్తే ఉద్యోగం పోతుంది. నువ్వు రాయక్కర్లేదులే, నేనే టైప్ చేసిస్తా. సంతకం పెట్టు చాలు.”

కాసేపటికి ప్రింట్ తీసిన కాగితం కూరగాయల పక్కన పెట్టి వెళ్లాడు. చదివింది. చక్కటి ఇంగ్లిష్. తన పిల్లలూ, తన రోజులూ, తన నవ్వూ తనే దొంగిలించానని ఒప్పుకుంటున్న ఉత్తరం! ఎంత ధైర్యం! వంట చేసిపెట్టాను, బట్టలు ఉతికాను, నాలుగు మెతుకులు తినమని బతిమాలాను, అవేవీ నావని ఎప్పుడూ అడగలేదు, అందుకే ఇదీ అడగననుకున్నాడు అనుకుంది. బెండకాయ తొడిమలన్నీ ఆ కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో పడేసింది.

గురువారం తనూ బయల్దేరాడు. “నువ్వు కంగారుపడతావు, నేను మాట్లాడతా.” మార్గరెట్ అనే పెద్దావిడ, ఈ కేసులు చూసే ఆఫీసరు, స్టూడెంట్ ఒక్కరే రావాలని అతన్ని గుమ్మం దగ్గరే ఆపేసింది. “ఉత్తరం ఇచ్చి వచ్చెయ్,” అని గొణిగాడు తెలుగులో.

లోపల ఝాన్సీ లాప్‌టాప్ తెరిచింది. ఏ రోజు ఏ పిల్ల ఏం రాసిందో, కింద మిస్ ఝాన్సీ ఏమందో, అన్నీ తేదీలతో ఉన్నాయి. క్లాస్ టీచరు రాసిచ్చిన మెయిలూ చూపించింది. మార్గరెట్ మెల్లగా చదువుకుంటూ వచ్చి అమ్మమ్మ దగ్గర ఫక్కున నవ్వింది.

“ఇది మీదే. మీమీద కేసు ఉండదు,” అంది. “కానీ ఈ ఆర్టికల్ మీ దగ్గర కాపీ కొట్టారని మీరు చెబితే, నేను దాన్ని రికార్డులో రాసుకోవాలి. పిల్లల మాటలున్నాయి కాబట్టి, ఆర్టికల్ కింద పేరున్న అతని కంపెనీకి ఉత్తరం వెళ్తుంది. ఈయనెవరో తెలుసా మీకు?”

“తెలుసు. మా ఆయన. బయట కూర్చున్నారు.”

మార్గరెట్ పెన్ను కిందపెట్టేసింది. “వారం టైమిస్తాను. ఇంటికెళ్లి ఇద్దరూ మాట్లాడుకుని రండి.”

వారం! ఝాన్సీకి ఆ వారమంతా కళ్లకు కట్టింది. రెండురోజులు అతను అన్నం ముట్టడు. మూడోరోజు అత్తగారి ఏడుపు. నాలుగోరోజు సొంత తల్లే, సర్దుకుపోవే అంటుంది. ఆరోరోజుకి తనకే జాలేస్తుంది, పాపం ఉద్యోగం పోతుందని. తన సంగతి తనకు తెలీదూ!

“వద్దండీ,” అంది. “ఇంటికెళ్తే మళ్లీ మేమిద్దరం ఒకటైపోతాం. ఇక్కడుండగానే రాసుకోండి.”