మండవల్లిలో మొదటి కూటం

కెన్యా నుంచి సువార్త సేవకు వచ్చిన ఒటియెనోకి ఇరవై రెండేళ్లు. గన్నవరంలో విమానం దిగి, కారులో నేరుగా మండవల్లికి వచ్చాడు. దారి పొడవునా చేపల చెరువులే. ప్రతి ఊళ్లోనూ చర్చి కనిపించింది. బయల్దేరేటప్పుడు, యేసు పేరు విననివాళ్ల దగ్గరికి వెళ్తున్నాననుకున్నాడు. ఇప్పుడు వీళ్లకేం చెప్పాలో తోచలేదు.

సాయంత్రం ప్రార్థన కూటంలో, తను యేసును ఎలా నమ్ముకున్నాడో సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాడు. పాస్టరు ప్రేమానందం దాన్ని తెలుగులో చెబుతున్నాడు. కాసేపటికే సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. ఒటియెనో ముఖం చిన్నబోయింది.

"ఏమీ అనుకోకండి," అన్నాడు పాస్టరు ఇంగ్లీషులో. "తెల్లారకముందు నుంచీ చెరువుల్లో వలలు లాగారండి. మీరంత దూరం నుంచి వచ్చారని ఇళ్లకు కూడా పోకుండా వచ్చేశారు."

ప్రయాణంతో ఒటియెనో కాళ్లు వాచిపోయి ఉన్నాయి. సాక్ష్యం అంతటితో ఆపి, చిన్న ప్రార్థన చేసి, అందరినీ వెళ్లి పడుకోమన్నాడు.

ముందు వరుసలోంచి కరుణమ్మ అనే పెద్దావిడ అంది: "అప్పుడే అయిపోయిందాండీ? ఒక పాటైనా పాడండి బాబూ. కళ్లు మూసుకున్నా వింటామండి."

పాస్టరు ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే ఒటియెనో కుర్చీలో కూలబడి, వాళ్లమ్మ పాడే పాట తన భాషలోనే పాడాడు. ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ కదల్లేదు. పాటయ్యాక ఒక్కొక్కరే లేచి, నీటికి నానిన చేతులతో అతని చేయి పట్టుకుని, "వందనాలండి" అంటూ ఇళ్లకు వెళ్లారు.