కనబడని కుట్టుకు పట్టిన వెలుగు

నేను ఒక రింగ్ లైట్‌ని. గుండ్రటి దీపం, నడుమ ఫోన్ తగిలించే కొక్కెం, కింద మూడు కాళ్ళు. ఏదో ఫ్యాక్టరీలో నాలాంటి వేలమందితో పాటు తయారై, అట్టపెట్టెలో గుంటూరు చేరాను. పెట్టె విప్పిన మనిషి ముందుగా నా ఎదుట కూర్చుని జుట్టు సవరించుకున్నాడు. ఇక ముఖాలు చూడటమే నా ఉద్యోగమని అప్పుడే అర్థమైంది.

అతని పేరు తేజోవర్ధన్. సోషల్ మీడియా నిపుణుడు. పదిరోజుల్లో పదివేలమంది ఫాలోయర్లను ఎలా తెచ్చుకోవాలో బ్రాడీపేటలోని గదిలో కూర్చుని లోకానికి నేర్పేవాడు. అతని ఫాలోయర్లు మాత్రం నాలుగొందలు దాటలేదు. వాళ్ళలోనూ సగంమంది అతనిలాంటి నిపుణులే. "ఫ్రెండ్స్, మొదటి మూడు సెకన్లే ముఖ్యం!" అని అరిచేవాడు. నాలుగో సెకను నుంచి ఏం చెప్పాలో అతనికీ తెలిసేది కాదు. మాట తడబడితే మళ్ళీ మొదటి నుంచి అదే నవ్వు. ఒక్క పూటలో పదిహేడుసార్లు అదే నవ్వు చూస్తే ఎవరికైనా విసుగు రాదా చెప్పండి?

ఒకరోజు నన్ను మడిచి సంచిలో వేసుకుని పట్నంబజారుకు తీసుకెళ్ళాడు. అక్కడ మేడమెట్ల కింద నాగూర్‌వలి మాస్టారి కొట్టు. ఆయనది రఫూ పని. బట్ట చిరిగితే అందులోంచే దారాలు లాగి, పోగు పక్కన పోగు అల్లి, చిరిగిందన్న సంగతే తెలియకుండా చేస్తారు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఇప్పుడు చూపు మందగించింది, వచ్చేవాళ్ళూ తగ్గారు. నెలాఖరుకు కొట్టు మూసేస్తానంటుంటే కూతురు షకీలాకు మనసొప్పక, ఒక వీడియో చేయిద్దామని ఈ నిపుణుణ్ణి పిలిచింది.

వీడియో తయారైంది. ముందు చిరిగిన ప్యాంటు, తర్వాత బాగైన ప్యాంటు. మాస్టారి చేతులు రెండు సెకన్లు కనబడ్డాయి. మిగతాదంతా తేజోవర్ధన్ ముఖమే. కొట్టు ఎక్కడుందో చెప్పడం మరిచాడు. ఇక కామెంట్లు! షకీలా పైకి చదువుతుంటే విన్నాను. ఒకరు గుడ్ మార్నింగ్ చెప్పి పువ్వు పెట్టారు. ఇంకొకరు తన పాట వినమని లింకు పెట్టారు. ఒకావిడకు ప్యాంటు పక్కనున్న చెప్పులు నచ్చలేదు. 'నిక్కచ్చి నిజం' అనే పేరుతో ఒకాయన మాత్రం తేల్చిపారేశాడు: "ఫేక్. ఇవి రెండు వేరు వేరు ప్యాంట్లు. కుట్టినవాడు మోసగాడు." దానికి రెండొందలమంది లైకు కొట్టారు. మాస్టారు సూది కింద పెట్టేశారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన్ను ఎవరూ అంత మాట అనలేదు. నాకు ఒళ్ళు మండింది.

తేజోవర్ధన్ దగ్గర దానికీ మందుంది. "మాస్టారూ, ఈసారి కుట్టు కాస్త కనపడేట్టు వెయ్యండి. జనం నమ్ముతారు."

మాస్టారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. "కనపడేట్టు కుట్టడానికి నేనెందుకు బాబూ? గోనెసంచులు కుట్టేవోళ్ళున్నారుగా."

నిపుణుడు నొచ్చుకుని లేచాడు. నా కాలొకటి అప్పటికే విరిగింది. ఎలాగూ కొత్తది కొంటున్నానంటూ నన్ను అక్కడే వదిలేసి పోయాడు.

మరుసటి వారం పానకాలరావు అనే పెద్దమనిషి, బట్టల కొట్లవాళ్ళు చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో భార్య పట్టుచీర. ఇస్త్రీ చేస్తూ, పెట్టెను చీర మీదే ఉంచి ఫోన్లో ఎవరికో బుద్ధి చెప్పడంలో మునిగిపోయాడట. చింతగింజంత చిల్లు.

"ఎల్లుండి పెళ్ళికి కట్టుకోవాలంట. మా ఆవిడకి తెలిసిందా, నా పని అయిపోయినట్టే. అంతా ఈ వీడియో వల్లే. చూడమ్మా, ఇట్టాంటి మోసగాళ్ళని ఊరికే వదలకూడదు గదా!" అని షకీలాకు ఫోన్ చూపించాడు. ఆ తెర మీద పేరు 'నిక్కచ్చి నిజం'. బుద్ధి చెప్పింది మాస్టారి వీడియో కిందే.

"నాన్నా, ఈయనే," అంది షకీలా చిన్నగా, తండ్రి చెవిలో.

"ఆయన సంగతి తర్వాత. చీరేం చేసింది పాపం," అంటూ మాస్టారు చీర అందుకున్నారు.

పానకాలరావు వెళ్ళాక చీర కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు. దూరం పెట్టి చూశారు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నారు. "పోగులు కనపడటంలేదమ్మా," అన్నారు. ఆ గొంతు వింటే కొట్టు ఆ రోజే మూసేస్తారనిపించింది.

షకీలా నన్ను లాక్కొచ్చింది. విరిగిన కాలిని గుడ్డపీలికతో స్టూలుకు కట్టి, నా మెడ వంచి వెలుగు చీర మీద పడేలా తిప్పింది. ముఖం కానిదాన్ని నేను తీరిగ్గా చూడటం అదే మొదలు. ఎన్ని పోగులు! ఒక్కటీ జుట్టు సవరించుకోలేదు.

"ఇప్పుడు కనపడతన్నాయమ్మా," అన్నారు మాస్టారు. నేను పుట్టాక అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. చీర లోపలి చివర నుంచి దారాలు లాగి, రెండు పగళ్ళు నా వెలుగులోనే అల్లారు.

పానకాలరావు వచ్చి చీరను నా కింద పరిచి అటూ ఇటూ తిప్పి వెతికాడు. "మాస్టారూ, నిజం చెప్పండి. ఇది వేరే చీర కదా?"

షకీలా పక్కున నవ్వి, ఆ వీడియో తీసి, అందులోని చేతులు మా నాన్నవేనంటూ అతని ముందుంచింది. చూడగానే పానకాలరావు ముఖం ముడుచుకుపోయింది. "తప్పైపోయింది మాస్టారూ. కళ్ళారా చూశానని ఇప్పుడే రాస్తా," అని వేలు ఎత్తి, అలాగే ఆగిపోయాడు. ఏ చీరో రాయాలి. రాస్తే భార్యా చదువుతుంది. చివరికి పాత కామెంటు చెరిపేసి, మాస్టారికి చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

నెలాఖరు వచ్చింది, పోయింది. కొట్టు మూయలేదు. పానకాలరావు పేరు చెప్పుకుని రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం ఒకావిడ సంచిలోంచి అదే పట్టుచీర తీసి నా కింద పరిచింది.

"మా ఆయన ఊరంతా మీ పనే చెప్పుకుంటా తిరుగుతున్నాడు. నీకెట్టా తెలుసంటే నోరు విప్పడు. ఆ రోజు కమురు వాసన నాకు రాలేదనుకున్నాడు. వారం నుంచి వెతుకుతున్నా మాస్టారూ. కుట్టు ఎక్కడేశారో మీరైనా చెప్పండి."

మాస్టారు చీరను చూశారు. ఆవిడను చూశారు.

"ఏ చీరమ్మా?" అన్నారు.

ఆవిడ నవ్వేసింది. మాస్టారు తలవంచుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నారు. ఆ రెండు రోజులూ దగ్గరుండి చూసిన నేను కూడా, చీర ఎదురుగానే ఉంది కదా అని ఇంకోసారి వెతికాను. నాకూ దొరకలేదు.