దానంతట అదే

"నిన్న చివరిసారి ముట్టుకున్నది నువ్వే కదా?" అన్నాడు మా ఆయన, బూటు లేసు ముడి వేసుకుంటూ.

నేను భోజనాల బల్ల తుడుస్తున్నాను. ఆ బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. లోపలి హార్డ్‌డిస్క్ దొరకడం లేదట, డిస్క్ పెట్టి మళ్ళీ ప్రయత్నించమంటోంది. నిన్న రాత్రి దాని మూత మీద దుమ్ము తుడిచి పక్కన పెట్టింది నేనే. అదే చెప్పాను. "అదీ సంగతి," అన్నాడు, కేసు తేలిపోయినట్టు. "ఇంక దాని జోలికి పోకు. ఒంటిగంటకు వచ్చి షాపులో ఇచ్చేస్తాను. నువ్వు కెలికితే ఉన్నది కూడా పోతుంది."

మా ఇంట్లో ఒక చట్టం ఉంది. ఏ వస్తువు పాడైనా చివరిసారి ముట్టుకున్నవాళ్ళదే తప్పు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాకపోతే ఈ ఇంట్లో ప్రతి వస్తువునూ చివరిసారి ముట్టుకునేది నేనే. తుడిచేది నేను, సర్దేది నేను, ప్లగ్గు పీకేది నేను. అందుకని మిక్సీ ఆగిపోతే నేను, కుళాయి కారితే నేను, గోడ గడియారం పావుగంట వెనకబడితే నేను. బాగయ్యే సంగతి మాత్రం వేరు. మిక్సీ లోపల తెగిన వైరు నేను అతికించిన రోజున ఆయన బటన్ నొక్కి చూసి, "చూశావా, దానంతట అదే వచ్చింది. కాసేపు చల్లారనివ్వాలి అంతే," అన్నాడు. ఇస్త్రీపెట్టె విషయంలోనూ అంతే, తలుపు గొళ్ళెం విషయంలోనూ అంతే. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో వస్తువులు నా వల్ల పాడవుతున్నాయి, వాటంతట అవే బాగవుతున్నాయి.

పెళ్ళికి ముందు నేను కంప్యూటర్లు బాగుచేసే షాపులో ఐదేళ్ళు పనిచేశాను. ఈ మాట ఇప్పుడు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. సంబంధం చూడడానికి వచ్చినప్పుడు మా మామగారు "అమ్మాయి కంప్యూటర్ నేర్చుకుంది" అని చెప్పుకున్నారట, పాట నేర్చుకుందన్నట్టు. షాపు ఓనరు నన్ను డాక్టరమ్మా అని పిలిచేవాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం స్క్రూడ్రైవర్ పట్టుకోవడం గురించి కాదు. "ముందు ఒక ప్రశ్న అడుగు," అనేవాడు. "బాగా పనిచేసిన రోజుకీ ఈ రోజుకీ మధ్య ఏం మారింది అని అడుగు. ఎవరిని అడిగినా ఏమీ చేయలేదనే చెబుతారు. నువ్వు మాత్రం అడగడం మానకు."

తలుపు మూసుకున్న చప్పుడు వినగానే తడిగుడ్డ అక్కడే వదిలేసి కుర్చీ లాక్కున్నాను. గోడ గడియారంలో తొమ్మిదిన్నర దాటింది.

అసలు సంగతి ఇది. ఆ ల్యాప్‌టాప్‌లో 'పాత కరెంటు బిల్లులు' అనే ఫోల్డర్ ఉంది. పాత బిల్లులు చూడాలని ఈ లోకంలో ఎవరికీ అనిపించదు కాబట్టి ఆ పేరు పెట్టాను. అందులో ఉన్నవి నా పాఠాలు. ఊళ్ళో ఆడవాళ్ళకు పని నేర్పే శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ రిపేరు క్లాసు పెడదామనుకుంటున్నారు. చెప్పడానికి మనిషి కావాలి. అక్కడి ప్రిన్సిపాల్ మేడంను నెల క్రితం కలిశాను, మందుల షాపుకని చెప్పి వెళ్ళి. "మూడు పాఠాలు రాసి పంపండి. శనివారం పన్నెండున్నరకు కమిటీ కూర్చుంటుంది, ఆలోపు నాకు చేరాలి," అన్నారు. నెల రోజులు రోజూ మధ్యాహ్నం గిన్నెలు తోమాక, పాప స్కూలు నుంచి వచ్చేలోపు రాశాను. చివరి పేజీ నిన్న మధ్యాహ్నమే అయిపోయింది. ఒక్కసారి చదువుకుని ఈ ఉదయం పంపుదామనుకున్నాను. ఈ రోజే శనివారం.

ఇంకో కాపీ ఉందా అంటే లేదు. షాపులో వచ్చిన ప్రతివాళ్ళకూ కాపీ పెట్టుకోండి, కాపీ పెట్టుకోండి అని నోరు నొప్పెట్టేలా చెప్పినదాన్ని నేను. ఇంట్లో ఉన్న ఒక్క పెన్‌డ్రైవ్ మా ఆయన తాళాల గుత్తికి వేలాడుతూ ఆఫీసుకు వెళ్తుంది. అయినా దాచుకునేవాళ్ళకు ఒక చోటు దొరకడమే కష్టం, రెండో చోటు ఎక్కడ దొరుకుతుంది? ఎందుకు దాచుకున్నావంటే, రెండేళ్ళ క్రితం మళ్ళీ పనికి వెళ్తానని దాచకుండా చెప్పి చూశాను. "ఇక్కడ నీకేం తక్కువైంది?" అన్నాడాయన. "వెళ్ళి ఎవరిని ఉద్ధరించాలమ్మా?" అన్నారు అత్తయ్య. ఇద్దరూ కోప్పడలేదు. నవ్వుతూనే అన్నారు. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో, ఆ నవ్వుకు ఏం చెప్పాలో తోచలేదు.

మూడో పాఠం పేరు 'ల్యాప్‌టాప్ లేవకపోతే'. ఆ పేరు గుర్తుకురాగానే నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. రాసిన పాఠం లోపల ఇరుక్కుపోయింది. బయట నేనున్నాను, అది నాకు కంఠతా వచ్చు.

మొదటి మెట్టు, తగిలించినవన్నీ తీసేయాలి. ఛార్జర్, మౌస్ పీకాను. పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుని వదిలాను. మళ్ళీ ఛార్జర్ పెట్టి ఆన్ చేశాను. అవే తెల్ల అక్షరాలు. రెండో మెట్టు, డిస్క్ అసలు బతికుందో లేదో చూడాలి. ఆన్ చేసిన క్షణాన పై వరుసలో ఒక మీట టకటకా నొక్కితే లోపలి సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. క్షణం తప్పితే మళ్ళీ మొదటికే. రెండుసార్లు తప్పింది. మూడోసారి నీలం పేజీ వచ్చింది. యంత్రంలో ఉన్న సరుకంతా వరసగా రాసి ఉంది. కింద నుంచి మూడో వరసలో హార్డ్‌డిస్క్ పేరు, దాని సైజు. ఊపిరి వదిలాను. చచ్చిపోలేదు. లోపలే ఉంది, పేరు పిలిస్తే పలుకుతోంది, కానీ ఎవరూ లేపడం లేదు.

"అమ్మాయ్, పొయ్యి మీద ఏదో మాడుతోంది," అత్తయ్య ముందు గదిలోంచి అన్నారు.

పరుగెత్తాను. బంగాళదుంపల కూర అడుగంటింది. నీళ్ళు చిలకరించి, మంట తగ్గించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. యంత్రం లేచేటప్పుడు దేన్ని ముందు వెతకాలో చెప్పే వరసలో మొదటి స్థానం డిస్క్‌కే ఇచ్చాను. సేవ్ చేసి మళ్ళీ మొదలుపెట్టాను. అవే అక్షరాలు. పదకొండు కావస్తోంది. పాప యూనిఫాంలు నానబెట్టిన బకెట్ గుర్తొచ్చింది, గుర్తురానట్టే ఊరుకున్నాను.

అప్పుడు ఫోను మోగింది. మా ఆయన. "షాపతనితో మాట్లాడాను. ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుందట, సాయంత్రానికి ఇచ్చేస్తాడు."

"ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కదండీ."

"పోతే పోయాయి. నావన్నీ ఆఫీసులో ఉన్నాయి."

"నావి?"

ఆ మాట అర్థంకాలేదేమో. చిన్నగా నవ్వాడు. "నీవేముంటాయి అందులో? వంటలూ ముగ్గులూనా? సరే, రేపు మళ్ళీ చూసుకుందువులే," అని పెట్టేశాడు.

నాకు ముగ్గులు రావు. తొమ్మిదేళ్ళుగా మా గుమ్మం ముందు ముగ్గు లేదు. ఆ మాట పట్టుకుని ఎందుకంత కోపం వచ్చిందో తెలియదు గానీ, కుట్టుమిషను డ్రాయరులోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి ల్యాప్‌టాప్ బోర్లా వేశాను. ఎనిమిది స్క్రూలు. ఒక్కొక్కటీ ఏ చోటిదో మర్చిపోకుండా సాసర్‌లో వరసగా పెట్టాను. ఆ అలవాటు చేతుల్లోంచి పోలేదు. డిస్క్ బయటికి లాగి, అంచు మెత్తటి బట్టతో తుడిచి, టక్ మని చప్పుడయ్యే దాకా నొక్కి బిగించాను. ఇదే దారి, ఇది కాకపోతే ఇంకేముంది అనుకుంటూ ఆన్ చేశాను.

అవే అక్షరాలు.

తల బల్ల మీద పెట్టుకున్నాను. పదకొండున్నర. మేడంకు ఫోన్ చేసి సోమవారం దాకా ఆగమని అడుగుదామా అనిపించింది. ఆడవాళ్ళకు ఇంట్లో ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంటుందని కమిటీలో ఒకరన్నారని ఆవిడే చెప్పారు. ఆ ఒకరి నోటికి నన్ను నేనే అందించడం ఇష్టం లేకపోయింది.

అత్తయ్య చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకుని వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. ఈనెలు తీస్తూ నన్నూ విప్పిన స్క్రూలనూ చూశారు. "వాడు ముట్టుకోవద్దన్నాడుగా," అన్నారు, తిట్టినట్టు కాకుండా ఊరికే. "నీకు తగ్గట్టే వాడూనూ. నిన్న నువ్వు వంటింట్లో ఉండగా, ఆఫీసునుంచి వచ్చి కాఫీ అయినా తాగకుండా దీని ముందే కూర్చున్నాడు. ఫోనులో ఏదో వీడియో పెట్టుకుని, వాళ్ళు చెప్పినట్టల్లా ఇక్కడ నొక్కడం."

తల ఎత్తాను. "ఏం వీడియో అత్తయ్యా?"

"నాకేం తెలుసు? ల్యాప్‌టాప్ రెండింతలు స్పీడవుతుందని చెప్పాడు అందులో ఒకాయన. మన తెర అంతా నీలంగా ఉంది." ఒక చిక్కుడుకాయ విరిచి, కొడుకును ఇరికించానేమో అని అప్పుడు అనుమానం వచ్చినట్టుంది. "అయినా మగవాడు నొక్కితే పాడవుతుందా ఏమిటి?" అన్నారు.

షాపు ఓనరు ప్రశ్నకు సమాధానం చిక్కుడుకాయలతో పాటు నా ముందుకు వచ్చింది. నేను చేసిన తప్పు కూడా తెలిసింది. ఏం మారిందని నేను ఎవరినీ అడగలేదు. తప్పు నాదేనని నేనూ నమ్మేశాను, నా తుడుపు వల్లే ఏదో కదిలిందనుకుని విప్పుకుంటూ పోయాను.

మళ్ళీ ఆ నీలం పేజీకి వెళ్ళాను. యంత్రం లేవడానికి రెండు పద్ధతులుంటాయి, పాతదీ కొత్తదీ. మాది కొత్త పద్ధతిలో లేచేది. ఇప్పుడక్కడ పాతది అని ఉంది. మూలనున్న ఆ ఒక్క మాట మారిస్తే చాలు, డిస్క్ నిక్షేపంగా ఉన్నా యంత్రానికి కనబడదు. కొత్తదానికి మార్చి, సేవ్ చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెర నల్లబడింది. ఒక చిన్న చక్రం తిరగడం మొదలైంది. తరవాత పాప ఫోటో వచ్చింది, ముందు పళ్ళు రెండూ లేకుండా నవ్వుతూ.

పన్నెండు పదికి మూడు పాఠాలూ పంపాను. ఇంకో కాపీ నా ఫోనులో పెట్టుకున్నాను. ఫోల్డర్ పేరు కూడా మార్చాను. 'నా పాఠాలు' అని.

స్క్రూలు బిగించి, బకెట్‌లో బట్టలు పిండి ఆరేసి వచ్చాను. ఇంక ఊరుకోవచ్చు. ఆయన వచ్చి బటన్ నొక్కుతాడు. అది లేస్తుంది. అప్పుడు ఏమంటాడో నాకు తెలుసు. అన్నం వడ్డిస్తూ ఆ మాట వినాలి, చిన్నగా నవ్వాలి. ఒంటిగంటకు పది నిమిషాలుందనగా మళ్ళీ కుర్చీ లాక్కుని ఆ నీలం పేజీకి వెళ్ళాను. కొత్త పద్ధతిని తీసేసి ఆయన పెట్టిన పాతదే మళ్ళీ పెట్టాను. మూత వేశాను. మంచి పని చేస్తున్నానని అనుకోలేదు.

ఆయన వచ్చి బూట్లు విప్పకుండానే ల్యాప్‌టాప్ అందుకోబోయాడు.

"ఒక్కసారి కూర్చోండి," అన్నాను. "నేను ముట్టుకోను. నేను చెబుతాను, మీరు నొక్కండి."

"టైం లేదు నాకు."

"రెండు నిమిషాలు."

ఏమనుకున్నాడో, కూర్చున్నాడు. నేను చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాను. ఆన్ చేసి ఏ మీట నొక్కాలో చెప్పాను. నీలం పేజీ వచ్చింది. ఆయన వేలు గాలిలోనే ఆగిపోయింది.

"ఈ పేజీ ఎప్పుడైనా చూశారా?" అన్నాను.

తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కుడివైపు మూడోది తెరవమన్నాను, అందులో పాతదని ఉన్నచోట కొత్తది పెట్టమన్నాను. అంతా నేను చెప్పకముందే ఎక్కడికి వెళ్ళాలో ఆయన వేలికి తెలిసిపోతోంది. సేవ్ చేశాడు. చక్రం తిరిగింది. పాప నవ్వింది.

అదే సమయంలో నా ఫోను చిన్నగా మోగింది. ప్రిన్సిపాల్ మేడం దగ్గర్నుంచి రెండు వాక్యాలు. 'పాఠాలు అందరికీ నచ్చాయి. సోమవారం ఉదయం తొమ్మిదింటికి మొదటి క్లాసు, వచ్చేయండి.' రెండుసార్లు చదివి, ఫోను బోర్లా పెట్టాను.

అత్తయ్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి కొడుకు ముందు పెట్టారు. వెలుగుతున్న తెర చూశారు. "బాగైందా? ఏమైందిరా దానికి?"

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నేను ఎదురు చూస్తున్నాను. నిజంగానే ఎదురు చూశాను. ఒక్క మాట అంటే చాలు, వెనకటివన్నీ మర్చిపోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

"ఏం లేదమ్మా," అన్నాడు, గ్లాసు అందుకుంటూ. "దానంతట అదే వచ్చింది."

అత్తయ్య నన్ను చూశారు. పొద్దుటి స్క్రూలు ఆవిడకు గుర్తున్నాయి, నీలం తెర కూడా గుర్తుంది. చూపు తిప్పుకుని కంచాలు పెట్టసాగారు.

నేను అన్నం గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టాను. గరిటె కూడా పెట్టాను. వడ్డించకుండా నా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సోమవారం నుంచి తొమ్మిదింటికి నాకు క్లాసు ఉంది. ఎనిమిదిన్నరకే బయల్దేరతాను," అన్నాను. "ఆ తరవాత ఈ ఇంట్లో పొయ్యి కూడా దానంతట అదే వెలుగుతుంది."