బీరువాల కింద నీళ్లు

మా అల్లుడు గణేష్‌బాబు ఆ రోజు వ్యాన్‌ని మూడుసార్లు కడిగాడు. నాలుగోసారి కడగమన్నది నేను. ఆ తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

ఆ వ్యాన్ కొన్నదే చేపల కోసం. పొద్దున్నే ఉప్పాడలో ఐసు పెట్టెలు ఎక్కించుకుని, రాజమండ్రి మార్కెట్లో దింపి, ఖాళీగా తిరిగి వస్తుంది. ఇంకో వారంలో సముద్రం మీద వేట నిషేధం. రెండు నెలలు చేపలుండవు, వ్యాన్‌కి పనుండదు. వేరే పని దొరక్కపోతే గుజరాత్ వెళ్లి బోటు ఎక్కుతానని గణేష్‌బాబు అనేశాడు. మా అమ్మాయి లావణ్యకి ఐదో నెల. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. నేను రెండు పూటలా తిన్నాను గానీ రుచి తెలియలేదు.

సరిగ్గా అప్పుడే రాజమండ్రిలో ఫర్నిచర్ షాపు వీరబ్రహ్మం గారు ఒక లోడు ఇచ్చారు. మూడు పెద్ద చెక్క బీరువాలు. బీరువాలంటే నిలువెత్తున ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే పలకలుగా విడదీసి, మనిషంత పొడుగు అట్టపెట్టెల్లో సర్దేశారు. బీరువాకి మూడు చొప్పున తొమ్మిది పెట్టెలు. పిఠాపురంలో మాణిక్యాంబ గారి లేడీస్ హాస్టల్‌కి చేర్చాలి.

"ఆవిడ నీచు ముట్టని మనిషి బాబూ. పెట్టెలకి చేప వాసన తగిలిందో, గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తుంది. ఇది సవ్యంగా దింపితే మా లోడులన్నీ నీకే" అన్నారు వీరబ్రహ్మం గారు.

అందుకే ఆ కడుగుడు. ఫినాయిలు, నిమ్మచెక్కలు, సర్ఫు. నేను అడుగున పరిచిన రబ్బరు షీటు మీద ముక్కు ఆనించి, "ఇంకా చందువా చేప వాసన ఉందల్లుడూ" అన్నాను. మళ్లీ కడిగాడు.

ఎక్కించేటప్పుడు షాపు ఫిట్టర్ అశోక్ జాగ్రత్తలు చెప్పాడు. "అద్దం ఉన్న మూడు పెట్టెల్నీ పడుకోబెట్టకండి తాతగారూ, అంచు మీద నిలబెట్టి కట్టండి. మిగతావి పడుకోబెట్టొచ్చు. తాడు మూలల్ని నొక్కకుండా గోనె పెట్టండి. లోపలిది చెక్కపొట్టు అదిమి చేసిన పలక. మూల తగిలితే బిస్కెట్టులా రాలిపోద్ది."

"తాడు సంగతి నాకు చెప్తావేంటయ్యా! తుఫానులో నేను కట్టిన పడవ కదల్లేదు గానీ, దాన్ని కట్టిన రేవు రెండు గజాలు జరిగింది" అన్నాను.

అశోక్ ఒక్కసారి గణేష్‌బాబు మొహం చూసి, బీరువాలు బిగించడానికి బైకు మీద ముందే పిఠాపురం వెళ్లిపోయాడు.

రాజానగరం దాటాం. అల్లుడికి ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెవి వెనక్కి. గతుకు తగిలితే చాలు, వ్యాన్ ఆపి దిగి చూసేవాడు. తాళ్లు లాగేవాడు. అవి బిగువుగానే ఉండేవి. ఎక్కేవాడు. మళ్లీ దిగేవాడు.

"నువ్విలా దిగుతూ ఉంటే బీరువాలకి సిగ్గేస్తుందయ్యా" అన్నాను.

నవ్వలేదు. మనసు మళ్లిద్దామని నేను పట్టిన పండుగప్ప చేప సంగతి ఎత్తుకున్నాను. దాని తల ఒడ్డెక్కాక కూడా తోక ఇంకా వల్లోకి వస్తూనే ఉంది. పొట్ట కోస్తే రెండు పడవలు బయటపడ్డాయి.

"పోయినసారి ఒక పడవే అన్నారు మావయ్యా."

"అప్పటికి పొట్ట సగమే కోశాం."

పెదవి కొంచెం కదిలింది. అంతలో పక్కనుంచి వెళ్తున్న బైకతను అరిచాడు. "బాబూ, నీ బండి వెనకాల నీళ్లు కారుతున్నాయి!"

ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు.

సామర్లకోట ఇవతల కాలవ గట్టు పక్కన ఆపాం. వెనక తలుపు దించగానే సన్నటి ధార పడింది. రబ్బరు షీటు పైన పొడిగానే ఉంది. దాని కింద రేకు గాడుల్లో నాలుగు కడుగుళ్ల నీళ్లూ నిలిచిపోయాయి. పెట్టెల బరువుకి అవి షీటు అంచుల్లోంచి పైకి ఉబికి, అడుగున ఉన్న రెండు పెట్టెల మూలల్లోకి ఎక్కాయి. అట్ట నొక్కితే వేలు దిగింది.

గణేష్‌బాబు తాళ్లు విప్పడం మొదలెట్టాడు. నన్ను తిట్టినా బాగుండేది.

యాభై ఏళ్లు పడవ నడిపినవాణ్ణి. పడవలో అడుగున నీరు ఊరుతుందని, కర్రబద్దలు పరిచి గానీ వాటి మీద వల పెట్టను. ఇది నేల మీద తిరిగే బండి గదా అని ఆ బుద్ధే పుట్టలేదు నాకు.

పక్కన కొబ్బరితోటలో ఒకావిడ ఎండుమట్టలు కుప్ప వేస్తోంది. పేరు లోవమ్మట.

"ఒక ఇరవై మట్టలివ్వమ్మా."

"పొయ్యిలోకా బాబాయ్?"

"బీరువాలు కూర్చోవడానికి."

"ఈ ఎండకి తల తిరిగినట్టుంది మీకు. ముందు కాసిని మంచినీళ్లు తాగండి" అంది. సంగతి చెప్పాక మాత్రం కొంగు నడుముకి బిగించి, అద్దాల పెట్టె ఒక పక్క తనే పట్టింది.

తొమ్మిదీ నీడలోకి దించాం. షీటు లాగేసి, నా తువ్వాలుతో, గణేష్‌బాబు చొక్కాతో గాడులన్నీ తుడిచాం. మట్టలు దగ్గర దగ్గరగా పరిచి, వాటి మీద పెట్టెలు ఎక్కించాం. తడిసిన రెండింటినీ మాత్రం ఎండలో నిలబెట్టాం. అరగంటకి అట్ట గట్టిపడింది.

"ఎవరికీ తెలియదల్లుడూ. మిగతాది నా నోటికి వదిలెయ్" అన్నాను.

"మీరు నోరు తెరవకండి మావయ్యా, మీకు దణ్ణం పెడతాను."

పిఠాపురం చేరేదాకా అదే మాట నా చెవిలో తిరిగింది. కాళ్లు ముడిచాను, చాపాను, చుట్ట తీసి వెలిగించకుండానే నమిలేశాను.

మాణిక్యాంబ గారు తెల్లచీరలో గుమ్మంలోనే నిలబడ్డారు. ప్రతి పెట్టె దగ్గరా ముక్కు ఎగబీల్చి, "కొబ్బరితోట వాసనొస్తోందేంటి?" అన్నారు. నా నాలుక దురద పెట్టింది. పంటి కింద నొక్కిపట్టుకున్నాను.

అశోక్ విప్పడం మొదలెట్టాడు. అద్దాలు మూడూ భద్రంగా ఉన్నాయి. తడిసిన మొదటి పెట్టెలో లోపలి ప్లాస్టిక్ కాపాడింది. రెండోదాంట్లో కాపాడలేదు. బీరువా అడుగుపలక మూల ఉబ్బి, పాలల్లో ముంచిన రస్కులా ఉంది. అశోక్ చూసుకోలేదు. ఆ మూలని గోడవైపుకి తిప్పి మేకు పెట్టబోయాడు. గోడవైపుకి పోతే ఆ బీరువా ఉన్నన్నాళ్లూ ఎవరి కంటా పడదు.

నేను అల్లుడి వైపు చూశాను. అతను గోడ వైపు చూస్తున్నాడు.

"ఆగండన్నా" అన్నాడు గణేష్‌బాబు. "ఆ పలక తడిసింది. వాసన పోవాలని బండి కడిగి, ఆరకుండానే ఎక్కించాను. తప్పు నాదేనమ్మా."

కడగమన్నది నేనని చెప్పడానికి నోరు తెరిచాను. నా కాలు తొక్కాడు.

మాణిక్యాంబ గారు ఆ మూలని గోటితో గీకి చూశారు. పొట్టు రాలింది. "దీని మీద బట్టలు పెట్టుకునేది పరాయి ఊరి నుంచి వచ్చిన పిల్లలు బాబూ. ఈ పలక నాకొద్దు" అన్నారు.

అశోక్ షాపుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. పలక తడిసిందని చెప్పాడు.

"తడిసిన సంగతి నువ్వు పట్టుకున్నావా, ఆవిడ పట్టుకుందా?" అని అడిగారు వీరబ్రహ్మం గారు.

"ఇద్దరం కాదండి. డ్రైవరే చెప్పాడు."

అటువైపు ఆర్డర్ల పుస్తకం తిరగేసిన చప్పుడైంది. "రేపు పొద్దున్న రమ్మను. పలక మార్చిస్తాను. తునికి నాలుగు బీరువాలున్నాయి. ఆ బండి అడుగు నా కళ్లతో చూశాక గానీ ఒక్క పెట్టె ఎక్కనివ్వను."

మర్నాడు చేపల లోడు పెట్టుకోలేదు. షీటు ఇంటిదగ్గరే వదిలేసి, మట్టలు పరిచి, వాటి మీద తెల్లపంచెలో నేను కూర్చున్నాను. "ముందుసీటు ఉంది కదా మావయ్యా" అని అల్లుడు గొడవ పెట్టాడు. ఉప్పాడ నుంచి రాజమండ్రి దాకా ఆ మట్టలు నాతో ఏమేం మాట్లాడాయో నా నడుముకే తెలుసు.

షాపు ముందు దిగి, వీరబ్రహ్మం గారికి నమస్కారం పెట్టి, వెనక్కి తిరిగాను.

"ఇదేంటండీ!" అన్నారాయన.

"అడుగు చూస్తానన్నారు కదండీ. డెబ్బై ఐదు కిలోమీటర్లు దాని మీదే కూర్చున్నాను. ఎక్కడైనా తడి ఉందేమో చూసుకోండి."

ఆయన కళ్లజోడు సవరించుకుని నా పంచె చూశారు. తర్వాత వ్యాన్‌లోకి వంగి, మట్టల సందుల్లో చెయ్యి పెట్టి రేకు తడిమారు. వేళ్లు రుద్దుకున్నారు.

"మాణిక్యాంబ గారి పలక ముందు పెట్టండి. తర్వాత తునివి నాలుగూ ఎక్కించండి" అన్నారు. "ఈ పెద్దాయన్ని మాత్రం ముందుసీట్లో కూర్చోబెట్టండి."

గణేష్‌బాబు తాడు నా చేతికిచ్చి, లావణ్యకి ఫోన్ చెయ్యడానికి రోడ్డు అవతలికి పరిగెత్తాడు.