రోడ్డు పక్కన లేత గడ్డి

మా ఆయనను పనివాళ్ళంతా చాటుగా క్షవరం మేస్త్రి అంటారు. రోడ్డు పక్కన పెరిగే గడ్డీ తుప్పలూ కొట్టించడం ఆయన ఉద్యోగం. అందరిలా పైపైన కానిచ్చి ఊరుకోరు. మిషను పట్టుకున్నవాడి వెనకాలే నడుస్తూ, "అదిగో, అక్కడ గడ్డం మిగిలిపోయింది" అని వేలు చూపిస్తారు. సొంత గడ్డం మాత్రం నేను పోరితే తప్ప గీసుకోరు.

నేను బడి వ్యాను నడుపుతాను. వానలు మొదలైన కొత్తలో, అడవిని ఆనుకుని వెళ్ళే రోడ్డు మీద ఒక జింక అడ్డొచ్చింది. బ్రేకు వేసి, దాన్ని దాటనిచ్చి, మళ్ళీ కదిలాను. దాని వెనక ఇంకొకటి ఉంటుందని నాకు తట్టలేదు. అది వచ్చి వ్యానుకు గుద్దుకుంది. పిల్లలకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు కానీ, జింక మళ్ళీ లేవలేదు. పిల్లలంతా కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారు. ఒక్కరూ ఏడవలేదు, ఏడ్చినా బాగుండేది.

మర్నాడు స్టీరింగు ముందు కూర్చున్నాను గానీ బండి తీయలేకపోయాను. దిగిపోయాను. మా తమ్ముడు తన పని మానుకుని వ్యాను నడపడానికి వచ్చాడు. నేను పక్క సీట్లో కూర్చుని పిల్లల్ని ఎక్కించి దించుతున్నాను. "సెలవులిచ్చేలోగా నడుపుతావో లేదో తేల్చి చెప్పమ్మా. లేకపోతే వేరే డ్రైవర్ని చూసుకోవాలి" అంది బడిలో పెద్ద మేడం, మర్యాదగానే. పెళ్ళికి ముందు నుంచీ నేను మనసుపడి చేసిన పని అదొక్కటే. అది చేజారిపోతుందంటే గుండెల్లో రాయి పడింది.

నా వాలకం చూసి మా ఆయన నడుం బిగించారు. "నువ్వు దిగులు పెట్టుకోకు. జింక ఎక్కడున్నా దూరం నుంచే కనపడేలా చేస్తా" అని ఆ రోడ్డుకు రెండు పక్కలా నున్నగా గొరిగించారు. గడ్డి మొలిస్తే మళ్ళీ గొరిగించారు. నాకోసం ఆయన అంత హడావుడి పడడం అంతకు ముందెన్నడూ చూడలేదు. పైకి చెప్పలేదు గానీ మురిసిపోయాను.

జింకలు తగ్గలేదు సరికదా, గుంపులు కట్టి రావడం మొదలుపెట్టాయి. హారను కొడితే తలెత్తి చూసి, మళ్ళీ వాటి పనిలో అవి పడేవి.

"వీటికి మరీ పొగరు నెత్తికెక్కిందే అక్కా" అన్నాడు తమ్ముడు.

నడిపే పని లేదు కనుక నాకు తీరిగ్గా చూసే వీలు దొరికింది. గడ్డి ముదిరిన చోట ఒక్క జింకా లేదు. మా ఆయన గొరిగించిన చోటే, వానకు మొలిచిన లేత చిగుళ్ళలో మూతులు పెట్టి మేస్తున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమండీ, మీరు గడ్డి కొట్టించడం లేదు. ఆ జింకలకు రోడ్డు పక్కనే భోజనం వడ్డిస్తున్నారు" అన్నాను ఇంట్లో అడుగుపెడుతూనే.

"ఏంటే ఆ మాటలు? నీకోసమే కదా నేను..."

"నాకోసమే. అందుకే ఇంకా మండుతోంది."

చూసిందంతా చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. సగం తిని చెయ్యి కడిగేసుకున్నారు. కాస్త మెల్లగా చెప్పాల్సిందని తర్వాత నాకే బాధేసింది.

మర్నాడు ఆయనే వ్యానెక్కి మా వెనక కూర్చున్నారు. దారంతా చూశారు. దిగేటప్పుడు "నిజమేనే" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. తర్వాత తల గోక్కుంటూ, "కొట్టకపోతే జింక కనపడదు, కొడితే జింక కదలదు. ఎలా చావాలి?" అన్నారు.

"వడ్డించడం మానకండి. చోటు మార్చండి" అన్నాను.

రోడ్డుకు బాగా దూరంగా, అడవి లోపల, కరెంటు తీగల కింద చెట్లు లేని జాగా ఒకటుంది. అటవీ అధికారుల చుట్టూ తిరిగి, అనుమతి తెచ్చుకుని, మా ఆయన తన మిషన్లను అక్కడికి తోలారు. రోడ్డు పక్కన తుప్పలు మాత్రమే కొట్టించి, గడ్డిని మోకాలెత్తు దాకా ముదరనిచ్చారు. "మేస్త్రి ఇప్పుడు అడవికి క్షవరం చేస్తున్నాడు" అని పనివాళ్ళు ముఖం మీదే నవ్వారు. ఆయనా నవ్వేశారు. వానలు వెనకబట్టేసరికి, రోడ్డు మీద జింక కనపడితే పిల్లలు వింతగా చెప్పుకునేంత అరుదైపోయింది.

సెలవులిచ్చే ముందు రోజు పొద్దున నేనే స్టీరింగు పట్టుకున్నాను. తమ్ముడు పక్క సీట్లోకి జరిగాడు. అడవి మలుపు తిరగగానే, ఉండనే ఉంది, రోడ్డు పక్కన ఒక జింక. ఆపాను. అది దాటింది. వెనక కారువాడు హారను మోగించాడు.

"దాటేసింది కదక్కా."

"ఉండరా."

ముదురు గడ్డి కదిలింది. చిన్న పిల్ల జింక తడబడుతూ వచ్చి, రోడ్డు మధ్యలో నిలబడి మమ్మల్ని చూసి, తల్లి వెనక పరుగెత్తింది. నేను అప్పుడూ కదలలేదు. కదలలేకపోయానన్నదే నిజం.

వెనక సీట్లోంచి ఒక పిల్ల లేచి కిటికీకి ముఖం ఆనించింది. "ఈ పక్క ఇంకేం లేవు ఆంటీ!" అని అరిచింది. ఎవరూ చెప్పకుండానే మిగతా పిల్లలు రెండు పక్కల కిటికీలకూ అతుక్కుపోయారు. "ఇటూ లేవు!" "మళ్ళీ చూడరా, సరిగ్గా చూడు!" "లేవు, లేవు! పోనివ్వండి ఆంటీ!"

పోనిచ్చాను. ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ, వాళ్ళు అటూ ఇటూ చూసి చెబుతూ ఉంటే, బడి గేటు దాకా నేనే నడిపాను.