స్టూలు కింది విమానం

నేను ఒక క్రెడిట్ కార్డును. ముదురు నీలం రంగు, ఓ పక్క రెక్కలు చాచిన విమానం బొమ్మ. ఎక్కడో మిషన్లో వేలమందితో పాటు నన్నూ అచ్చుకొట్టి, చిప్పు అతికించి, కవర్లో పెట్టి పంపారు. ఆ బొమ్మ చూసుకుని మురిసిపోయిన మాట నిజమే. తీరా వచ్చి పడింది ఎల్బీనగర్‌లో, రాజేశం చొక్కా జేబులో.

రాజేశం అమీర్‌పేటలో కళ్లద్దాల దుకాణంలో అద్దాలు బిగిస్తాడు. లెన్సు మీద వెంట్రుకంత గీత ఉన్నా ఇట్టే పట్టేస్తాడు. అంతటి కళ్లున్నవాడు నన్ను ఎంచుకోవడానికి మూడు వారాలు తీసుకున్నాడు. పాత చీటీల వెనక గడులు గీసి, నాలుగు బ్యాంకుల కార్డులు రాసి, పెట్రోలుకు ఏది ఎన్ని పాయింట్లు ఇస్తుందో, మెట్రోకు ఏది ఇస్తుందో నింపాడు. టీ కొట్టు దగ్గర అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. ఒక్కరి దగ్గరా కార్డు లేదు. చివరికి మెట్రో మెట్ల కింద బల్ల వేసుకుని కార్డులు ఇప్పిస్తున్న ఒక అమ్మాయి, "రోజూ తిరిగేవాళ్ల కోసమే సార్ ఇది. నాలుగు నెలలకు పాయింట్లన్నీ ఒకేసారి వస్తాయి, వాటితోనే చార్జీలు కట్టుకోవచ్చు" అంది. గడులన్నీ మడిచి జేబులో పెట్టుకుని సంతకం చేశాడు. నాతోపాటు వచ్చిన షరతుల పుస్తకాన్ని దుకాణంలో సొరుగులో పడేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ తాపత్రయమంతా కూతురు శ్రీనిధి కోసం. మియాపూర్ దగ్గర కాలేజీలో ఆ పిల్ల కోరుకున్న సీటే వచ్చింది. ఆడపిల్లలకు బస్సు ఉచితమే కానీ రెండు మారాలి, పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. మెట్రో అయితే గంటలో చేరుతుంది. ఇద్దరూ మెట్రో ఎక్కితే రాజేశం జీతానికి ఊపిరాడదు. "నాలుగు నెలలు ఎట్లనో నెట్టుకొస్త. తర్వాత పాయింట్లే నిన్ను తీస్కపోతయి బిడ్డా, చేరు" అన్నాడు. తండ్రి మాట నమ్మి ఆ పిల్ల చేరింది.

ఇక అక్కడినుంచి నా బతుకు చూడాలి. నెలనెలా నాతో రెండు మెట్రో కార్డులు రీచార్జి చేసేవాడు. ఇంటి నుంచి స్టేషన్ దాకా తిరిగే స్కూటర్లో రెండేసి వందల పెట్రోలు పోయించేవాడు. గీకిన ప్రతిసారీ పాయింట్లు పడుతున్నట్టు ముఖం వెలిగేది. ఒక్కటీ పడడం లేదని నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ? నాలుగు నెలలకు అన్నీ ఒకేసారి వస్తాయని ఆ కార్డుల అమ్మాయి చెప్పింది కనక, ఆయన పండగ కోసం చూసినట్టు చూస్తున్నాడు.

ఒకరోజు రిటైరైన టీచరమ్మ ఒకావిడ కొత్త అద్దాలకు వచ్చింది. దగ్గరి చూపు పరీక్షించే అట్ట చిరిగిపోయింది. రాజేశం సొరుగు వెతికి, చిన్న అక్షరాలున్నాయని నా షరతుల పుస్తకాన్నే ఆవిడ చేతిలో పెట్టాడు. "ఏదో ఒక లైను చదవండమ్మా" అన్నాడు. ఆవిడ ఒక్క లైనుతో ఆగే మనిషా? క్లాసులో చదివినట్టు గొంతెత్తి చదివింది. "మెట్రో కార్డుల రీచార్జికి పాయింట్లు వర్తించవు. అయిదు వందల లోపు పెట్రోలుకు పాయింట్లు వర్తించవు."

"బాగా కనబడుతున్నాయి నాయనా" అంది.

రాజేశం ఆవిడ చేతిలోంచి పుస్తకం తీసుకుని, వెలుతురులోకి వెళ్లి, ఆ రెండు లైన్లూ మళ్లీ చదివాడు. బ్యాంకుకు ఫోను చేస్తే ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, పాట వినిపించింది. చివరికి ఒక తియ్యటి గొంతు, "షరతుల్లోనే ఉంది కదా సార్" అంది. నన్ను బల్లమీద విసిరికొట్టాడు. నేనేం చేశాను? అయినా సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం కూతురితో చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. ఆ పిల్లే అర్థం చేసుకుంది. "బస్సుల పోతా డాడీ. ఏం గాదు."

రాజేశం తన మెట్రో కార్డు తీసి, అందులో మిగిలిన డబ్బుతో సహా ఆ పిల్ల బ్యాగులో పెట్టాడు. మర్నాటి నుంచి ఆయన బస్సెక్కాడు. గంటన్నర నిలబడి ప్రయాణం. చొక్కా జేబులో నేను, జనం మధ్య నలిగిపోతూ, నా విమానంతో సహా.

ఏడాది ఫీజు కట్టమని బ్యాంకు ఉత్తరం పంపిన రోజున రాజేశం బాకీ తీర్చేసి, దుకాణంలోని కత్తెరతో నన్ను రెండు ముక్కలు చేశాడు. చిప్పున్న ముక్క చెత్తలోకి పోయింది. విమానం ఉన్న ముక్కను కస్టమర్లు కూర్చునే స్టూలు కింద, ఊగే కాలి అడుగున దోపాడు. ఇప్పుడది ఊగడం లేదు. నేను చేసిన మేలు అదొక్కటే.

కొత్త అట్ట ఇంకా కొనలేదు. వచ్చినవాళ్ల చేతికి నా షరతుల పుస్తకమే ఇస్తున్నాడు. రోజుకు పది మంది నా నెత్తి మీద కూర్చుని, నా పాపాలు పైకి చదువుతారు. ఆ రెండో లైను దాటగానే రాజేశం పుస్తకం వెనక్కి తీసుకుంటాడు.

"ఇక్కడిదాక కనబడుతుందంటే చాలమ్మా" అంటాడు. "ఇగ మిమ్మల్ని ఎవ్వరూ మోసం చెయ్యలేరు."