పెదవి ఏ శాఖ కిందికి వస్తుంది?

పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన నర్సమ్మ తెగిన వేళ్ళు చూసింది, కాలిన ఒళ్ళు చూసింది. సొంత ఆడపడుచు మూతి చూసిన రోజు మాత్రం గడపలోనే ఆగిపోయింది.

ఆడపడుచు బళ్ళో సైన్సు టీచరు. రక్తప్రసరణ పాఠానికి ఆమె పెట్టింది పేరు. అంతటి మనిషి, ఫొటోల్లో పెదవులు కనబడటం లేదని స్టాఫ్‌రూములో ఎవరో అన్న పాపానికి, వీధి చివరి బ్యూటీ పార్లరులో కనుబొమలు తీసే కుర్చీలోనే కూర్చుని పైపెదవి లావయ్యేందుకు సూది వేయించుకొచ్చింది. మధ్యాహ్నానికి ఒక పక్క ఉబ్బింది, రెండో పక్క సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ముక్కు దాకా నీలం చారలు వలలా పాకాయి.

"నొప్పిగా ఉందా?"

"పొద్దున ప్రాణం పోయింది. ఇప్పుడు ఏం తెలీట్లేదు వదినా. తగ్గినట్టుంది."

ఆ తగ్గడమే నర్సమ్మకు నచ్చలేదు. పెదవి మీద వేలితో నొక్కి వదిలింది. రెండు లెక్కపెట్టేలోపు రావలసిన ఎరుపు ఆరు లెక్కపెట్టినా రాలేదు.

"రక్తం అందట్లేదు. చెప్పులేసుకో, పద."

"పార్లరు మేడమ్ ఐస్ పెట్టుకోమంది..."

"ఆవిడ మాట విన్నావుగా. ఇంక నా మాట విను."

ఏం ఎక్కించిందో తెలిస్తేగానీ విరుగుడు తేలదని దారిలో పార్లరు దగ్గర ఆగారు. మేడమ్ ఎవరికో జుట్టు కత్తిరిస్తోంది. ఆమె వెనక గోడకు అద్దం కట్టిన సర్టిఫికెట్టు: రెండు రోజుల శిక్షణ. అందులో రెండో రోజు సర్టిఫికెట్టు ఇచ్చేందుకే సరిపోయి ఉంటుంది.

"నేచురల్ జెల్ అండీ, కలబంద లాంటిదే," అంటూ మేడమ్ ఫ్రిజ్ తెరిచి, తన అన్నం డబ్బా పక్కకి జరిపి ఒక పెట్టె తీసింది.

"తేడా చేస్తే కరిగించే మందు ఉందా మీ దగ్గర?"

"తేడా ఎందుకు చేస్తుందండీ? మాది పాజిటివ్‌గా ఉండే చోటు."

నర్సమ్మ పెట్టెను అడక్కుండానే సంచీలో వేసుకుని బయటికి నడిచింది.

ఆసుపత్రిలో డాక్టరు కరిగించే ఇంజెక్షన్లు విడతలు విడతలుగా చేశాడు. పెదవి దక్కింది. ఒక మూల మాత్రం చర్మం నల్లబడి రాలిపోయి, బియ్యపుగింజంత గుంట మిగిలింది. నవ్వితే ఆ పక్క వెక్కిరించినట్టు లాగుతుంది. ఆడపడుచు మాస్కు లేకుండా గడప దాటడం మానేసింది.

నర్సమ్మ ఆ పెట్టె పట్టుకుని ఆఫీసుల వెంట పడింది. మొదట మందుల ఆఫీసు.

"ఇది మందు కాదమ్మా," అన్నాడు ఆఫీసరు. "రోగం తగ్గిస్తే మందు. మీ ఆడపడుచుకి రోగం ఏం లేదుగా?"

"ఇప్పుడొచ్చింది."

"అది వేరే ఫైలు."

డాక్టర్ల మీద ఫిర్యాదులు తీసుకునే చోట గుమాస్తా ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "ఆవిడ డాక్టరయితే లైసెన్సు పీకేసేవాళ్ళం. కాదు కాబట్టి మా చేతిలో లేదు."

"అంటే చదువుకుని తప్పు చేస్తే శిక్ష, చదువుకోకుండా చేస్తే లేదా?"

"మంచి ప్రశ్న. రాసివ్వండి."

ఆమె రాసిచ్చింది. మునిసిపాలిటీలో కూడా రాసిచ్చింది. పార్లర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు జాబితాలో దువ్వెన, తువ్వాలు, బ్లేడు ఉన్నాయి, సూది లేదు. అయినా మొహమాటానికి వెళ్ళి చూశాడు. తువ్వాళ్ళు శుభ్రంగా ఉన్నాయి, చెత్తడబ్బాకి మూత ఉంది. బయటి బోర్డు మాత్రం నిబంధనకన్నా బెత్తెడు పొడుగుంది. అక్కడికక్కడే దుకాణానికి తాళం పడింది. మనిషి మూతి చెడితే కదలని యంత్రాంగం బెత్తెడు రేకు కోసం కదిలింది.

పది రోజుల్లో మేడమ్ పక్కవీధిలో చిన్న బోర్డుతో మళ్ళీ తెరిచింది. ఈసారి పేరు చివర 'క్లినిక్' అని కూడా పెట్టుకుంది.

ఆ కబురు విన్న ఆదివారం ఆడపడుచు తనంతట తానే చెప్పులేసుకుంది. "వదినా, తోడొస్తావా?"

కొత్త క్లినిక్కు సోఫాలో ముగ్గురు ఆడవాళ్ళు వంతు కోసం కూర్చున్నారు. ఆడపడుచు వాళ్ళ మధ్య కూర్చుని మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది. బళ్ళో గొంతుతోనే మొదలుపెట్టింది: "పెదవికి రక్తం తెచ్చే నాళం ఇదిగో, ఇలా వస్తుంది. సూది దాంట్లో దిగిందనుకోండి, ఇదిగో, ఇలా అవుతుంది."

ఇద్దరు పని గుర్తొచ్చిందని లేచారు. మూడో ఆమె గుర్తేమీ రాకుండానే లేచింది.

మేడమ్ లోపల్నించి వచ్చింది. "మా కస్టమర్లని బెదిరిస్తున్నారా?"

"లేదండీ. గోడ మీద మీ పనితనం ఫొటోలు పెట్టుకున్నారుగా. నేనూ అలాంటిదాన్నే, కాకపోతే కదులుతాను."

మేడమ్ ఫోను తీసి ఎవరితోనో మాట్లాడింది. ఏ శాఖకూ పట్టని చోటికి పోలీసులు అరగంటలో వచ్చారు. నర్సమ్మ ఆడపడుచు చెయ్యి గట్టిగా పట్టుకుంది. హెడ్ కానిస్టేబుల్ నోటుపుస్తకం తీసి, "ఏంటమ్మా గొడవ?" అన్నాడు.

ఆడపడుచు తలెత్తి పాఠం మొదటినుంచీ చెప్పింది.

అతను ఏమీ రాసుకోలేదు. ఆ గుంటకేసి వంగి చూశాడు. తర్వాత వరండాలోకి వెళ్ళి ఫోను చెవిన పెట్టుకుని గొంతు తగ్గించాడు. "ఏమేవ్, రేపు పొద్దున ఏదో క్లినిక్కుకి వెళ్తానన్నావు చూడు... వద్దు. చెప్తా, ఇంటికొచ్చాక చెప్తా. ముందు వద్దు."